రూ. 599 లబూబూ, బాబు నాలుక మీద దొరికిన కన్ను

ఆన్‌లైన్లో మెత్తటి బొమ్మలు కొనేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. పొడుగ్గానే ఉంటుంది. రెండు నెలల్లో మూడు బొమ్మలు కొన్నాను, మూడింటి గురించీ జరిగింది జరిగినట్టు చెప్పాలని ఉంది. మొదటి వెబ్‌సైటు పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే అది ఆ పేరుతో ఇప్పుడు లేదు, చెప్పినా మీకు పనికిరాదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా, ఫోన్లో కస్టమర్ కేర్ వాళ్లది హిందీ. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను, పదకొండేళ్లయింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద కుట్టు గురించి, బట్ట గురించి నేను రాసేది ఊహించి రాసింది కాదు, రోజూ చేతిలో పట్టుకునే పని.

మా పాప నాలుగో తరగతి. బాబుకి ఏడాదిన్నర. పాపకి పుట్టినరోజుకి లబూబూ కావాలి. వాళ్ల తరగతిలో ఇద్దరి బ్యాగులకి వేలాడుతోందట, అది చూసొచ్చిన రోజు నుంచీ అదే మాట. లబూబూ అంటే తెలియని పెద్దవాళ్ల కోసం చెప్తున్నాను: కుందేలు చెవులు, పెద్ద పెద్ద కళ్లు, నవ్వితే మొనదేలిన పళ్లు కనిపించే చిన్న బొచ్చు బొమ్మ. కాసింగ్ లుంగ్ అనే హాంకాంగ్ చిత్రకారుడు 2015లో గీసిన బొమ్మల కథల్లో పాత్ర అది. 2019 నుంచి చైనాకి చెందిన పాప్ మార్ట్ కంపెనీ దాన్ని బొమ్మలుగా అమ్ముతోంది. 2024లో బ్లాక్‌పింక్ పాటల బృందంలోని లీసా దాన్ని బ్యాగుకి తగిలించుకుని కనిపించాక ప్రపంచమంతా దాని వెనకే పడింది. అసలు కంపెనీది మూసిన డబ్బాలో వస్తుంది, లోపల ఏ రంగు బొమ్మ ఉందో విప్పేదాకా తెలియదు. నకిలీలు ఎంతగా వచ్చాయంటే వాటికి లఫూఫూ అని వేరే పేరే పెట్టేశారు. ఇవన్నీ నాకు కొన్న తర్వాత తెలిశాయి. కొనేటప్పుడు తెలిసింది ఒక్కటే, పాప అడిగింది.

ఒక రాత్రి ఫోన్లో వీడియోలు చూస్తుంటే ప్రకటన వచ్చింది. కంపెనీ పేరు పక్కన ఇండియా స్టోర్ అని పెట్టుకున్న వెబ్‌సైటు, పైన ఎర్రగా గడియారం, ఆఫర్ ఇంకా 14 నిమిషాలే అని తిరుగుతోంది. రూ. 2,499 కొట్టేసి రూ. 599. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, ఫోన్లోంచే ముందు డబ్బు కట్టాలి. మర్నాడు చూసినా అదే గడియారం మళ్లీ 14 నిమిషాల దగ్గర్నుంచే మొదలవుతుందని అప్పుడు గమనించలేదు. పుట్టినరోజు ఇంకా మూడు వారాలుంది కదా, వచ్చేస్తుందని కట్టేశాను.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, ఆ రోజు నేను వేసుకుని ఉంటే కొనేదాన్ని కాదు. అమెరికాలో ఆ కంపెనీ బొమ్మ ధర 20 డాలర్ల పైనే, అంటే మన డబ్బుల్లో రూ. 1,700 దాటుతుంది. విదేశీ బొమ్మల మీద మన దేశంలో కస్టమ్స్ సుంకం 2020 ఫిబ్రవరిలో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 శాతం చేశారు. ఆ మీద రవాణా, షాపు వాడి లాభం. అసలు బొమ్మ రూ. 599కి మా వీధిలోకి రావడం ఏ లెక్కలోనూ కుదరదు. తక్కువకి వస్తోందంటే సరుకు మిగిలిపోయి అమ్ముతున్నాడని మనం సర్దిచెప్పుకుంటాం, చీరల షాపుల్లో అలవాటైన ఆలోచన అది. కానీ దొరక్క జనం వరసల్లో నిలబడి కొనుక్కుంటున్న బొమ్మ మిగిలిపోవడం ఏమిటి?

పంతొమ్మిది రోజులకి వచ్చింది. పల్చటి ప్లాస్టిక్ కవరు, పంపినవాడి దగ్గర ఊరి పేరు, ఏదో గోడౌను నంబరు, అంతే, ఫోను నంబరు లేదు. నేను గుమ్మంలోనే విప్పి చూస్తానంటే కొరియర్ కుర్రాడు "అక్కా, ఇది ముందే డబ్బులు కట్టేసిన పార్సిల్, నా ముందు ఇప్పడానికి అవ్వదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి చెప్పిన రూలు అది. డబ్బా లేదు. బొమ్మని గాలి తీసేసి అప్పడంలా నొక్కి పెట్టారు. కవరు చింపగానే వాసన, నేను నడవలో ఉంటే వంటింట్లోంచి మా అత్త వచ్చి "ఏటే, కిరసనాయిలు ఒలకబోసినావేటి?" అని అడిగింది. రెండు రోజులు దండెం మీద ఆరేసినా ఆ వాసన పోలేదు.

పాప మొహం చూడాల్సింది. ముందు గట్టిగా నవ్వింది, పట్టుకుంది, తర్వాత మెల్లగా పళ్లు లెక్కపెట్టింది. "అమ్మా, తొమ్మిది ఉండాలి, దీనికి పదకొండు ఉన్నాయి" అంది. పిల్లలకి ఇవన్నీ తెలుసు. బడిలో ఒకరి బొమ్మ ఇంకొకరు లెక్కపెడతారట. మొహం ఒక పక్కకి తిరిగి అతుక్కుంది, ఒక పాదం పొడుగు, ఒకటి పొట్టి. అయినా పాప దాన్ని పారేయమనలేదు. రాత్రి పక్కన పెట్టుకుని పడుకుంది. అది చూసి నేను ఊరుకున్నాను, వాసన వస్తున్నా ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నేను చేసిన తప్పు, అందుకే ఇంత రాస్తున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం జాకెట్‌కి హుక్స్ కుడుతున్నాను. బాబు కింద చాప మీద ఆ బొమ్మతో ఆడుతున్నాడు. ఆడుతున్నాడంటే నములుతున్నాడు, ఆ వయసులో అదే ఆట. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. పిల్లలున్నవాళ్లకి తెలుసు, చప్పుడు కన్నా చప్పుడు లేకపోవడం ఎక్కువ భయం. వంగి చూస్తే వాడు నవ్వుతున్నాడు, నోరు కాస్త తెరిచి ఉంది, నాలుక మీద నల్లగా, గుండ్రంగా బొమ్మ కన్ను. ముందు భాగంలోనే ఉంది, కంటికి కనిపిస్తోంది కాబట్టి వేలితో తీయగలిగాను. లోపలికి జారి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఆ రోజు మిషన్ తొక్కలేదు.

కన్నుని టేపు పెట్టి కొలిచాను, సెంటీమీటరుకి కాస్త తక్కువ. బొమ్మల పరీక్షల్లో చిన్న గొట్టం ఒకటి వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, చిన్న పిల్లల గొంతు కొలతకి తీసుకున్నది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలోంచి ఊడే ఏ ముక్కైనా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ పరీక్ష తప్పినట్టే. మా బొమ్మ కళ్లు ఆ గొట్టంలో నాలుగైదు పడతాయి. 2025 ఆగస్టులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ నకిలీ లబూబూల మీద హెచ్చరిక ఇచ్చింది, అవి చిన్న పిల్లల నోట్లో పట్టేంత చిన్నవనీ, ముక్కలుగా ఊడి ఊపిరికి అడ్డం పడతాయనీ. అది చదివినప్పుడు నాకు మా నడవలోని చాపే కళ్ల ముందుకొచ్చింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కత్తెర తీసుకుని బొమ్మని విప్పాను. ఇప్పుడు కుట్టు పని తెలిసిన మనిషిగా చెప్తున్నాను, వినండి.

పక్క కుట్టు అంగుళానికి ఐదే పడ్డాయి. నేను మామూలు జాకెట్‌కే పదకొండు, పన్నెండు వేస్తాను. కుట్టు మొదట్లో, చివర్లో వెనక్కి వేసే ముడి కుట్టు ఎక్కడా లేదు, అంటే కాస్త లాగితే చివర్ల నుంచి కుట్టు విడిపోతుంది. కుట్టుకి అవతల వదిలిన బట్ట రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, బొచ్చు బట్ట అంచులు పోగులు ఊడతాయి కాబట్టి దానికి మామూలు బట్ట కన్నా ఎక్కువే వదలాలి. పోగులు ఊడకుండా అంచు చుట్టూ వేసే ఓవర్‌లాక్ కుట్టు కూడా లేదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది దీనికే. దారం, బట్ట మిగుల్చుకుంటే ఒక బొమ్మ మీద ఎంత మిగులుతుంది, పది పైసలా, పావలానా? కళ్లు వెనక నుంచి వాషర్ వేసి బిగించలేదు, జిగురు చుక్క పెట్టి అతికించారు, రెండో కన్ను నా బొటనవేలితో నెడితే ఊడింది. పైన బొచ్చు రెండు వేళ్లతో లాగితే కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది, బాబు ఎంత మింగి ఉంటాడో తెలియదు.

లోపల పైపైన మాత్రం తెల్లటి పాలియెస్టర్ దూది. దాని కింద రంగు రంగుల బట్ట పీలికలు, స్పాంజి పొడి, నలిపిన ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి. పీలికల్లో ఒకదానికి నల్లటి నూనె మరక, మిషన్ కింద తుడిచిన గుడ్డ అది, ఆ మరక ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో కత్తిరింపు ముక్కలు నేనూ దాస్తాను, కానీ వాటితో కాళ్లు తుడుచుకునే పట్టాలు కుడతాను, పసిపిల్లాడు నమిలే బొమ్మలో కూరను.

ఇంకో పరీక్ష, ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కొత్త లైనింగ్ బట్ట రంగు దిగుతుందో లేదో చూడడానికి తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దుతాం కదా, అలాగే బొమ్మ మీద రుద్దాను. గుడ్డకి గులాబీ రంగు పట్టింది. బాబు ఉమ్మి తగిలిన చోటల్లా అదే రంగు వాడి నోట్లోకి వెళ్లి ఉంటుంది. విప్పని కాలు ఒకటి మిగిలితే దానికి రెండు లీటర్ల నీళ్ల సీసా తాడుతో వేలాడదీశాను, తొడ దగ్గర కుట్టు వెంటనే నోరు తెరిచింది. ఆ తర్వాత చదివాను, మెత్తటి బొమ్మల కుట్టుని పరీక్షించేటప్పుడు 70 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే సుమారు ఏడు కిలోలు వేలాడదీసినంత. రెండు కిలోలకే పోయింది మాది.

మన దేశంలో దీనికి చట్టం ఉంది, చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. 2020లో కేంద్రం బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం చేసే బొమ్మ ఏదైనా, ఇక్కడ చేసినా బయటి నుంచి తెచ్చినా, ఐఎస్ఐ మార్కు లేకుండా అమ్మకూడదు. బ్యాటరీ లేని బొమ్మలకి ఐఎస్ 9873 అనే ప్రమాణం, కరెంటువి, బ్యాటరీవి అయితే ఐఎస్ 15644. ఊడే ముక్కలు, మంట అంటుకోవడం, రంగుల్లో సీసం లాంటి విషపదార్థాలు, ఇవన్నీ ఆ పరీక్షల్లో చూస్తారు. ఐఎస్ఐ గుర్తు పైన ఈ ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. మా బొమ్మ మీద ఏదీ లేదు, తయారుచేసినవాడి పేరు లేదు, దేశం పేరు లేదు, ఎన్నేళ్ల పిల్లలకో కూడా లేదు. ఒక్క మాట, హస్తకళల విభాగంలో నమోదైన చేతిపనివాళ్లు తామే చేసి అమ్మే బొమ్మలకి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకి మినహాయింపు ఉంది. కాబట్టి కొండపల్లి బొమ్మ మీద, ఏటికొప్పాక లక్క పిడత మీద ఐఎస్ఐ కనిపించలేదని ఆ పనివాళ్లని అనుమానించకండి. మా ఊళ్లో కొమ్ముతో కొంగలు, చేపలు చెక్కే వాళ్లున్నారు, వాళ్ల దగ్గర మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు, ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగొచ్చు.

రెండో బొమ్మకి వస్తాను. పాపకి బొమ్మ లేకుండా పోయింది కదా అని ఈసారి అందరికీ తెలిసిన పెద్ద షాపింగ్ యాప్‌లో వెతికాను. ఒరిజినల్ అని రాసి ఉంది, 4.3 నక్షత్రాలు, వెయ్యికి పైగా అభిప్రాయాలు, రూ. 449, డబ్బు ఇంటి దగ్గర కట్టొచ్చు. ఆరు రోజులకి వచ్చింది. మొదటి దానికన్నా నయం, వాసన తక్కువ, కుట్టు కాస్త దగ్గరగా ఉంది, చీటీ మీద ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది. సంతోషపడ్డాను. కానీ అప్పటికే బీఐఎస్ కేర్ అని ప్రభుత్వ యాప్ ఒకటుందని తెలుసుకున్నాను, అందులో లైసెన్స్ వివరాలు సరిచూసుకునే చోట సీఎం/ఎల్ నంబరు కొడితే ఎవరిదో, ఏ వస్తువుకో చెప్తుంది. కొట్టాను. ఆ నంబరుతో ఏమీ రాలేదు. ఒక అంకె తప్పు కొట్టానేమో అని మూడుసార్లు కొట్టాను, పాపతో చదివించి కొట్టాను. అచ్చు వేసిన గుర్తు దొంగది.

అప్పుడు కూర్చుని ఆ అభిప్రాయాలన్నీ చదివాను. సగం ఫోన్ కవరు గురించి. ఇంకొన్ని వాటర్ బాటిల్ మూత బిగుతుగా ఉందని. అంటే పాత వస్తువు పేజీలోనే ఫొటో, పేరు మార్చి బొమ్మ పెట్టేశారు, నక్షత్రాలు మాత్రం పాతవే ఉండిపోయాయి. అందుకని చెప్తున్నాను, మొత్తం నక్షత్రాలు చూడకండి, ఒకటి రెండు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు పెట్టిన ఫొటోలు ముందు చూడండి, ఇళ్లల్లో మంచం మీద పెట్టి తీసిన ఫొటోలు, వాటిలోనే నిజం ఉంటుంది. అమ్మేవాడి పేరు మీద నొక్కి చిరునామా చూడండి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైందో అక్కడ చూపించాలి. ఇక్కడ దేశం దగ్గర ఇండియా అని ఉంది, బొమ్మ కాలి కింద చైనా అక్షరాలున్నాయి.

వాపసు ఇవ్వడంలో మాత్రం ఆ యాప్‌ని తప్పు పట్టను. నకిలీ అని కారణం పెట్టి, చీటీ ఫొటో జత చేస్తే ఒప్పుకున్నారు. తీసుకెళ్లే కుర్రాడు రెండుసార్లు రాలేదు, వచ్చినట్టు మెసేజ్ మాత్రం వచ్చింది, మూడోసారి వచ్చాడు. తొమ్మిది రోజులకి రూ. 449 తిరిగొచ్చింది. మధ్యలో ఫోన్ చేస్తే పిన్ కోడ్ చూసి ఒడియా, లేకపోతే హిందీ. నాకు ఒడియా వస్తుంది, నెట్టుకొచ్చాను. మా అత్త లాంటివాళ్లయితే అక్కడే వదిలేస్తారు, సరిహద్దు ఊళ్లలో చాలామంది డబ్బులు ఇలాగే పోతున్నాయి, భాష కుదరక. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఒడియాలో కూడా. ఒడిశాలో ఉంటే తెలుగు అడగకూడదేమో అని మొహమాటపడకండి.

మొదటి వెబ్‌సైటు విషయంలో 1915కే చేశాను. ఓపిగ్గా విని, నంబరు ఇచ్చారు. పెద్ద కంపెనీ అయితే ఫిర్యాదు నేరుగా వాళ్లకి పంపి జవాబు తెప్పిస్తారు, ఇలా ఊరూ పేరూ లేనివాళ్లయితే కష్టమే. వెబ్‌సైటులో ఇచ్చిన ఈమెయిల్‌కి రాస్తే తిరిగొచ్చేసింది. వాట్సాప్‌లో ఫొటోలు పెడితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు, మర్నాటి నుంచి నా నంబరు బ్లాక్ చేశారు. అసలు నిబంధన ప్రకారం ఆన్‌లైన్లో అమ్మే ఎవరైనా ఫిర్యాదుల అధికారి పేరు పెట్టాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఫిర్యాదుల అధికారి పేరు లేని వెబ్‌సైటులో రూపాయి కూడా ముందు కట్టకండి, నేను ఇప్పుడు మొదట చూసేది అదే. డబ్బు కట్టి వస్తువే రాకపోతే వెంటనే 1930కి, అది సైబర్ మోసాలకి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేసే చోటు కూడా ఉంది, రెండో బొమ్మ దొంగ ఐఎస్ఐ గుర్తు ఫొటో అక్కడ పెట్టాను.

వదిన అంది, ఆరొందల కోసం ఇంత తిరుగుడు ఎందుకని. ఆరొందలంటే నాకు ఆరు మామూలు జాకెట్ల కూలి, అది ఒకటి. అంతకన్నా, ఆ బొమ్మే ఇంకో ఇంట్లో ఇంకో చాప మీద ఉంటుంది. ఆ ఇంట్లో తల్లి ఆ క్షణంలో వంగి చూస్తుందో లేదో. 2019 వినియోగదారుల చట్టంలో మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. నా కేసులో ఎదుటివాడి చిరునామా అంటూ ఉండాలి, ప్రస్తుతం అదే అడ్డం.

మూడోది. ఏదో పని మీద శ్రీకాకుళం వెళ్లినప్పుడు పాపని తీసుకుని ఒక బొమ్మల షాపుకి వెళ్లాను. లబూబూ అడిగితే షాపాయన "అవి ఉన్నాయమ్మా, కానీ కంపెనీవి కాదు, చిన్నపిల్లలుంటే తీసుకోకండి" అని తనే చెప్పారు, ఆ మాటకి ఆయన మీద గౌరవం కలిగింది. ఢిల్లీ వైపు తయారైన మామూలు కుందేలు చూపించారు, రూ. 549. పెద్ద బ్రాండు కాదు. చీటీ మీద తయారీదారు పూర్తి చిరునామా, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ నంబరు, అక్కడే నిలబడి ఫోన్లో కొట్టాను, మెత్తటి బొమ్మల తయారీకే లైసెన్స్ అని వచ్చింది. కళ్లు ప్లాస్టిక్ కాదు, దారంతో ఎంబ్రాయిడరీ చేశారు, మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అంతకన్నా మంచిది లేదు. కుట్టు చూశాను, దగ్గరగా ఉంది, చంక దగ్గర రెండు వరసలు వేశారు. తోక ఒక్కటే పట్టుగా లేదనిపించింది, ఇంటికొచ్చి నాలుగు కుట్లు నేనే వేశాను. బట్టల సబ్బుతో ఉతికి నీడన ఆరేస్తే రంగు దిగలేదు, ఉండ కట్టలేదు. ఈ కుందేలుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తోకకి. రెండో బొమ్మకి ఒకటి. మొదటి దానికి ఇవ్వడానికి ఏమీ లేదు.

పాప సంతోషపడిందా అంటే, ఆ రోజు పెద్దగా పడలేదు, ఉన్నది చెప్పాలి. బస్సులో కుందేలుని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. టెక్కలి దాటాక "దీనికి జాకెట్ కుడతావా?" అని అడిగింది. బొబ్బిలి చీర ముక్క ఉంటే దాంతో కుట్టాను, గుండీ పెట్టకుండా, నాడాలు పొట్టిగా, మెడకి చుట్టుకోకుండా. ఇప్పుడు బాబు దాని చెవి నములుతుంటే నేను మిషన్ మీంచి లేవక్కర్లేదు, అయినా లేచి చూస్తున్నాను.

విప్పిన బొమ్మని పారేయలేదు. సాక్ష్యానికి కావాలని పీలికలు, ఊడిన రెండు కళ్లు, కొరియర్ కవరుతో సహా ఒక సంచిలో కట్టి బీరువా మీద పెట్టాను. మీరూ అలాగే చేయండి, కోపంలో చెత్తబుట్టలో వేస్తే ఫిర్యాదుకి చేతిలో ఏమీ మిగలదు. పార్సిల్ విప్పేటప్పుడే, సీలు కనిపించేలా, ఆపకుండా వీడియో తీసుకోండి.

పోయిన వారం ఆ ప్రకటన మళ్లీ వచ్చింది. వెబ్‌సైటు పేరు వేరు, రంగు వేరు, ధర ఇప్పుడు రూ. 649. పక్కన కూర్చున్న పాపే ముందు చూసింది. "అమ్మా, మళ్లీ వాళ్లే" అని ఫోన్ లాక్కుని చూపించింది, ఫొటోలో బొమ్మ ఎడమ చెవి మీద అదే చిన్న మరక, వెనక అదే ఎర్ర తెర, పైన అదే గడియారం, 14 నిమిషాలు. ప్రకటన మీద రిపోర్ట్ కొట్టాను, కొత్త పేరుతో 1915కి ఇంకోసారి చేశాను. మీకు ఇలాంటి బొమ్మే వచ్చి ఉంటే, ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే నన్ను అడగండి. నేను రాసింది ఉంది నా దగ్గర, తెలుగులో కావాలంటే తెలుగులో, ఒడియాలో కావాలంటే ఒడియాలో పంపిస్తాను.